కళ్ళు ఊగే పిల్లలకి ఐ ట్రాకింగ్ పరీక్ష: మా పాపకి చేయించాక నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నాను, ఐ ట్రాకింగ్ అంటే కళ్ళు ఎలా కదులుతున్నాయో కెమెరాతో కొలిచే పరీక్ష, వైద్యం కాదు. ఈ పరీక్ష చేయిస్తే కళ్ళు ఊగడం ఆగదు, కళ్ళజోడు నంబరు మారదు. అయినా నిస్టాగ్మస్, అంటే కళ్ళు వాటంతటవే ఊగే సమస్య, ఉన్న మా ఏడేళ్ళ పాపకి ఇప్పటిదాకా చేయించిన పరీక్షలన్నిటిలో, ఇంటికొచ్చాక మేం చేసే పనుల్ని నిజంగా మార్చింది ఇదే. ఒకచోట చేయిస్తే డబ్బూ పోయింది, పాపకి ఏడుపూ మిగిలింది. ఇంకోచోట అదే రకం పరీక్షతో మా పాప ఎలా చూస్తుందో మాకు మొదటిసారి అర్థమైంది. తేడా మెషీన్‌లో కన్నా దాన్ని నడిపే మనిషిలో ఎక్కువ ఉందని నా గట్టి నమ్మకం. అందుకే ఆసుపత్రుల పేర్లు రాయడం లేదు, ఈరోజు బాగా చేసినవాళ్ళు రేపు అక్కడ ఉండకపోవచ్చు. ఎక్కడ చేయించినా ఏం చూసుకోవాలో మాత్రం వివరంగా రాస్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. కొంతమంది పిల్లల కళ్ళు వాళ్ళ ప్రమేయం లేకుండా కదులుతూనే ఉంటాయి, ఎక్కువమందికి పక్కలకి, కొందరికి పైకీ కిందికీ, లేదా గుండ్రంగా. ఇది పుట్టిన మొదటి ఆరు నెలల్లో మొదలైతే సాధారణంగా ఇన్‌ఫెంటైల్ నిస్టాగ్మస్ అంటారు. ఇంగ్లండ్‌లో లెస్టర్ వైపు చేసిన సర్వే ఒకటి 2009లో వచ్చింది, దాని ప్రకారం ప్రతి 10,000 మందిలో సుమారు 24 మందికి ఏదో ఒక రకం నిస్టాగ్మస్ ఉంది, పిల్లల వరకే చూస్తే దాదాపు 17 మందికి. అంటే ఓ పెద్ద స్కూల్లో ఒకరిద్దరు ఉండే అవకాశం ఉంది. మా ఇంట్లో మాత్రం ఎవరూ ఇలాంటిది వినలేదు. మా అత్తయ్య దిష్టి తీశారు. చుట్టాల్లో ఒకావిడ మెల్లకన్ను అదృష్టం, ఏం చేయించకండి అన్నారు. అసలు అది మెల్ల కాదు, మెల్ల అయినా సరే అదృష్టమని వదిలేస్తే ఆ కంటి చూపు మందగించిపోతుంది, చిన్నప్పుడే చూపించాలి. ఈ ఒక్క మాట దయచేసి మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి చెప్పండి.

అందరూ అడిగే ఇంకో ప్రశ్న, "పాపకి అన్నీ ఊగుతూ కనిపిస్తాయా?" అని. లేదు. పసితనం నుంచి ఉన్నవాళ్ళకి మామూలుగా లోకం నిలకడగానే కనిపిస్తుంది, మెదడు దానికి అలవాటు పడిపోతుంది. కష్టం వేరే చోట ఉంది, అది ఈ పరీక్ష చేయించేదాకా నాకు తెలియలేదు. దాని గురించి కింద రాస్తాను.

మొట్టమొదట ఐ ట్రాకింగ్‌కి పరిగెత్తకండి, అది కారణం చెప్పే పరీక్ష కాదు. కళ్ళు ఎందుకు ఊగుతున్నాయో వెతకడం పిల్లల కంటి డాక్టరు పని. ఒంట్లో, కంట్లో రంగు తక్కువగా ఉండే అల్బినిజం ఉందా, పుట్టుకతో శుక్లం ఉందా, కంటి నరం సరిగ్గా ఎదిగిందా, రంగులు కనిపించని ఆక్రోమటోప్సియా లాంటిది ఉందా అని చూస్తారు. మాకు రెటీనా (కంటి లోపలి వెనక తెర) పొరలు చూసే ఓసీటీ, రెటీనా వెలుగుకి ఎలా స్పందిస్తుందో చూసే ఈఆర్‌జీ చేశారు. మేనరికమా అని అడిగారు, మాది కాదు. ఆ ప్రశ్న ఎందుకంటే పైన చెప్పిన వాటిలో కొన్ని తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ ఒకే జన్యులోపం కలిస్తేనే వస్తాయి, దగ్గర సంబంధాల్లో ఆ అవకాశం పెరుగుతుంది. మా పాపకి ఓసీటీ, ఈఆర్‌జీ రెండూ మామూలుగానే వచ్చాయి. ఇలా కారణం బయటపడని పిల్లల్లో కొందరికి ఎఫ్ఆర్ఎమ్‌డీ7 అనే జన్యువులో మార్పు ఉంటుందని 2006లో తేలింది. మేం జన్యు పరీక్ష దాకా వెళ్ళలేదు.

ఇవన్నీ అయ్యాక "మరి ఇప్పుడేం చెయ్యాలి" అన్నదానికి జవాబు కోసం ఐ ట్రాకింగ్‌కి వెళ్ళాం.

పరీక్ష ఎలా ఉంటుందంటే, ఒక స్క్రీన్, దాని కింద ఒక కెమెరా, పక్కన కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లైటు. ఆ లైటు నల్లగుడ్డు మీద పడి చిన్న మెరుపు చుక్కలా కనిపిస్తుంది. కనుపాప మధ్యభాగం ఎక్కడుంది, ఆ చుక్క ఎక్కడుంది అని కెమెరా సెకనుకి కొన్ని వందల సార్లు పట్టుకుని, కన్ను ఎటు తిరిగిందో లెక్క కడుతుంది. కంటికి ఏదీ తగలదు, సూదీ లేదు, చుక్కల మందూ లేదు. ఇది పెద్ద విషయమే, ఎందుకంటే వెనకటి పద్ధతులు పిల్లలకి పనికొచ్చేవి కావు. 1963లో రాబిన్సన్ అనే శాస్త్రవేత్త తెచ్చిన పద్ధతి చాలా ఖచ్చితమైనదే కానీ, అందులో సన్నటి తీగ చుట్ట ఉన్న లెన్స్‌ని కంటికి అతికించుకుని అయస్కాంత క్షేత్రం మధ్య కూర్చోవాలి. ఏడేళ్ళ పిల్ల దగ్గర ఆ మాట ఎత్తగలమా? కంటి చుట్టూ చర్మానికి తీగలు అంటించే ఈఓజీ పద్ధతి కూడా ఉంది, అది తేలికే కానీ అంత సూక్ష్మంగా చెప్పదు.

ఇక మా మొదటి అనుభవం. ఒక ప్రైవేట్ సెంటర్. బోర్డు మీద ఐ ట్రాకింగ్ అని పెద్దక్షరాలు, లోపల ఏసీ, బొమ్మలు, అంతా బాగుంది. స్క్రీన్ మీద చుక్కలు ఒక్కొక్కటీ వస్తాయి, పాప ఆ చుక్కని కదలకుండా చూడాలి. దీన్ని కాలిబ్రేషన్ అంటారు, కన్ను ఎటు చూస్తే కెమెరాలో ఎలా కనిపిస్తుందో మెషీన్‌కి నేర్పడం. మామూలు పిల్లలకి ఇది నిమిషంలో అయిపోతుంది. కానీ సాఫ్ట్‌వేర్ ఏం ఆశిస్తుందంటే, చుక్క చూస్తున్నంతసేపూ కన్ను కదలకుండా ఉండాలని. మా పాప సమస్యే కన్ను కదలకుండా ఉండకపోవడం! చుక్క మళ్ళీ మళ్ళీ వచ్చింది, మెషీన్ ఫెయిల్ అంటూనే ఉంది, ఆపరేట్ చేసే అబ్బాయి "పాపా, కదలకుండా చూడు, కళ్ళు ఊపకు" అంటూనే ఉన్నాడు. పాప ఎంత ప్రయత్నిస్తే కళ్ళు అంత ఎక్కువ ఊగాయి. నిస్టాగ్మస్ స్వభావమే అది, కష్టపడి చూడాలని ప్రయత్నించినా, టెన్షన్ పడినా పెరుగుతుంది. చివరికి పిల్ల ఏడ్చేసింది. రిపోర్టులో "పాప సహకరించలేదు" అని రాశారు. ఆ వాక్యం చూసి నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. పిల్ల తన శక్తి అంతా పెట్టి చూసింది, సహకరించనిది ఆ పద్ధతి. దాని మీద రంగురంగుల చార్టు ఒకటి ఇచ్చి, కంటి వ్యాయామాల ప్యాకేజీ తీసుకుంటే తగ్గిపోతుందని చెప్పారు. ఇన్‌ఫెంటైల్ నిస్టాగ్మస్‌ని వ్యాయామాలు పోగొట్టవు. మేం తీసుకోలేదు.

ఆ తర్వాత హైదరాబాద్‌లో ఓ పెద్ద కంటి ఆసుపత్రిలో, పిల్లల కంటి విభాగం వాళ్ళు రాసిస్తే, మళ్ళీ చేయించాం. అక్కడ చూపు పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్ట్ అమ్మాయి పాపని ముందు పావుగంట మాట్లాడించింది. "కళ్ళు ఊగనీ నాన్నా, నాకు అదే చూడాలని ఉంది, నువ్వు బొమ్మ చూస్తే చాలు" అంది. ఆ ఒక్క మాటతో పాప భుజాలు దిగాయి. చుక్కల బదులు చిన్న సీతాకోకచిలుక బొమ్మ పెట్టారు. ఒక కంటి ముందు నల్లటి అద్దంలాంటిది పెట్టి రెండో కంటిని రికార్డ్ చేశారు, తర్వాత ఆ అద్దాన్ని రెండో కంటి ముందుకి మార్చి మొదటి కంటిని రికార్డ్ చేశారు. ఆ నల్లటి అద్దం సంగతి నాకు చాలా నచ్చింది, దాని గుండా పాపకి ఏమీ కనిపించదు, కానీ ఇన్‌ఫ్రారెడ్ వెళ్తుంది కాబట్టి మూసిన కన్ను ఏం చేస్తోందో కెమెరాకి కనిపిస్తూనే ఉంటుంది. కాలిబ్రేషన్‌ని మెషీన్‌కి వదిలెయ్యకుండా, మొత్తం రికార్డ్ చేసుకుని, అందులో పాప కన్ను నిజంగా బొమ్మ మీద నిలిచిన క్షణాల్ని తర్వాత తను చేత్తో ఎంచుకుంది. నిస్టాగ్మస్ ఉన్నవాళ్ళకి చెయ్యాల్సిన పద్ధతి ఇదీ.

మీరు అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు ఫోన్లోనే అడగండి, నిస్టాగ్మస్ పిల్లలకి కాలిబ్రేషన్ ఎలా చేస్తారు, ఒక్కో కంటికి విడిగా చేస్తారా అని. అవతలివాళ్ళకి ప్రశ్నే అర్థం కాకపోతే వెళ్ళకండి. ఇంకో విషయం, కాలిబ్రేషన్ సరిగ్గా కాకపోయినా సెకనుకి ఎన్నిసార్లు ఊగుతోంది అన్న అంకె దాదాపు సరిగ్గానే వస్తుంది, ఎంత దూరం ఊగుతోంది, ఎక్కడ చూస్తోంది అన్నవి మాత్రం తప్పుతాయి. కాబట్టి రిపోర్టులో డిగ్రీల అంకెలు చూసి కంగారు పడేముందు కాలిబ్రేషన్ కుదిరిందో లేదో అడగండి.

ఇప్పుడు అసలు విషయం, ఆ గ్రాఫు. డాక్టర్ గారు స్క్రీన్ మీద చూపిస్తూ చెప్పారు. పాప కన్ను బొమ్మ మీద నుంచి మెల్లగా జారిపోతుంది, పోనుపోనూ వేగం పెరుగుతుంది, ఒక్కసారిగా గభాల్న వెనక్కి వస్తుంది, మళ్ళీ జారుతుంది. రంపం పళ్ళు కాస్త వంపు తిరిగితే ఎలా ఉంటాయో గీత అలా ఉంది. ఆ వంపు ఆకారమే కీలకమట. జారుతున్నకొద్దీ వేగం పెరిగితే ఇన్‌ఫెంటైల్ రకం, జారుతున్నకొద్దీ వేగం తగ్గితే పసితనపు మెల్లతో కలిసి వచ్చే ఇంకో రకం, ఒకే వేగంతో తిన్నగా జారితే లోపలి చెవి సమతౌల్యానికి సంబంధించినది అని అనుమానించవచ్చు. మామూలు కంటితో చూసి ఈ తేడా చెప్పడం అనుభవం ఉన్న డాక్టర్లకే కష్టం. ఈ గీతల్ని అమెరికాలో డెల్ ఒస్సో, డారోఫ్ అనేవాళ్ళు 1975లోనే 12 రకాలుగా విడదీశారు, అంటే జ్ఞానం పాతదే, పిల్లల్ని బాధపెట్టకుండా రికార్డ్ చెయ్యగలగడమే తర్వాత వచ్చింది.

ఆ గీతలో వెనక్కి వచ్చిన వెంటనే ఒక చిన్న చదునైన ముక్క ఉంటుంది. కన్ను అక్కడ సెకనులో చిన్న భాగం పాటు బొమ్మ మీద దాదాపు కదలకుండా ఉంటుంది. దాన్ని ఫోవియేషన్ అంటారు. పాప స్పష్టంగా చూసేది ముఖ్యంగా ఆ ముక్కల్లోనే. మిగతా సమయమంతా కన్ను దాటిపోతూ ఉంటుంది. ఇది విన్నాక నాకు స్కూల్ డైరీలో రాసి పంపే మాటలన్నీ గుర్తొచ్చాయి, నెమ్మది, బోర్డు మీదది పూర్తిగా ఎక్కించుకోవడం లేదు, ధ్యాస లేదు అని. ధ్యాస లేకపోవడం కాదు. చూడటానికి దొరికే సమయమే తక్కువ, అందుకే అదే వాక్యం చదవడానికి తనకి ఎక్కువసేపు పడుతుంది. కంటి చార్టు మీద అక్షరం ఎంత చిన్నది చదివిందో మాత్రమే రాస్తారు, ఎంతసేపు పట్టిందో ఎవరూ రాయరు. ఈ పరీక్ష ఆ సంగతి చెప్పింది.

రెండోది, నల్ పాయింట్. కళ్ళు ఒక వైపు తిప్పితే ఊగడం బాగా తగ్గే చోటు చాలామంది నిస్టాగ్మస్ పిల్లలకి ఉంటుంది. మా పాపకి అది కుడివైపు సుమారు 15 డిగ్రీల దగ్గర ఉందని గ్రాఫులో తేలింది. బొమ్మని ఎడమ చివరి నుంచి కుడి చివరికి అంచెలంచెలుగా జరుపుతూ రికార్డ్ చేశారు, ఎడమవైపు గీత ఎత్తుగా రేగిపోయింది, కుడివైపు ఒక చోటికి వచ్చేసరికి దాదాపు సద్దుమణిగింది, అది దాటి ఇంకా కుడికి వెళ్తే మళ్ళీ రేగింది, ఈసారి వెనక్కి లాగే దిక్కు మారింది. పాప ఏదైనా గట్టిగా చూడాలంటే ముఖం ఎడమవైపు తిప్పి కళ్ళు కుడి మూలకి తెచ్చి చూస్తుంది. ఇన్నేళ్ళూ ఇంట్లో, స్కూల్లో, చివరికి ఫోటో స్టూడియోలో కూడా "తిన్నగా చూడు" అని తల సరిచేస్తూనే ఉన్నారు. తల అలా తిప్పడం చెడ్డ అలవాటు కాదు, తన చూపు బాగుండే చోటుని పిల్ల తనంతట తనే కనిపెట్టుకుంది. తల సరిచేసిన ప్రతిసారీ చూపు తగ్గిస్తున్నట్టే.

దీనివల్ల వెంటనే మారింది క్లాసులో చోటు. బోర్డు తనకి కుడివైపు పడాలి కాబట్టి ఎడమవైపు వరసలో, ముందు బెంచీలో కూర్చోబెట్టమన్నాం. అంతకుముందు దగ్గరగా ఉంటుందని కుడి చివర ముందు బెంచీ ఇచ్చారు, అది తనకి అన్నిటికన్నా చెడ్డ చోటు. టీచర్ గారికి గ్రాఫు జిరాక్స్ తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడ ఒక్క నిమిషంలో అర్థం చేసుకున్నారు, నోటితో ఎన్నిసార్లు చెప్పినా కుదరనిది ఆ కాగితం చూపించగానే అయిపోయింది. ఇంట్లో టీవీ ముందు కూడా సోఫాకి ఎడమ చివర తనది.

మూడో విషయం చాలామంది డాక్టర్లు కూడా తొందరలో వదిలేస్తారు. కొందరు పిల్లలకి ఒక కన్ను మూస్తే ఊగడం ఎక్కువవుతుంది. మా పాపకి కొంచెం అలా ఉందని ఆ నల్లటి అద్దం పెట్టినప్పుడు కనిపించింది. అంటే చార్టు ముందు ఒక కన్ను చేత్తో మూయించి చదివిస్తే వచ్చే అంకె తన రోజువారీ చూపు కాదు. రెండు కళ్ళూ తెరిచి, తల తనకి ఇష్టం వచ్చినట్టు తిప్పుకోనిచ్చి చదివిస్తే ఇంకా కింది లైను చదివింది. కంటి పరీక్షకి వెళ్ళినప్పుడల్లా ఇప్పుడు నేను ఈ మాట ముందే చెప్తున్నాను. సదరం సర్టిఫికెట్ విషయం కూడా చాలామంది అడుగుతారు కాబట్టి చెప్తున్నాను, అక్కడ ఈ గ్రాఫు లెక్కలోకి రాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం లో విజన్ అంటే మంచి కంటికి తగిన అద్దాలు పెట్టాక కూడా చూపు 6/18 (మామూలు చూపువాళ్ళు 18 మీటర్ల నుంచి చదివేది 6 మీటర్ల నుంచే చదవగలగడం) దాటకపోవడం, లేదా చూపు పరిధి బాగా తగ్గిపోయి ఉండటం. కళ్ళు ఊగడం ఎంత ఉందన్నది అందులో లేదు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది, అంతకన్నా మెరుగ్గా 6/12 చదివే పిల్ల కూడా పరీక్ష హాల్లో టెన్షన్‌కి కళ్ళు రేగిపోయి ప్రశ్న చదవడానికే ఎక్కువసేపు తీసుకుంటుంది. అదనపు సమయం అవసరమైనది ఇలాంటి పిల్లలకే కదా.

ఇక మంచి చోట కూడా నాకు నచ్చనివి. రిపోర్టు. అయిదారు పేజీలు గ్రాఫులు, ఇంగ్లీషు సంక్షిప్త పదాలు, చివర రెండు లైన్ల నిర్ణయం. డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ ఫైలు బీరువాలో పడుండేది. ఆ అమ్మాయి పాపతో మాట్లాడిన తెలుగులోనే ఒక పేజీ రాసి ఇవ్వొచ్చు కదా, మీ పాపకి ఊగడం ఈ వైపు తగ్గుతుంది, క్లాసులో ఇక్కడ కూర్చోవాలి, ఇంత పెద్ద అక్షరాలు కావాలి అని. పరీక్ష చేసినవాళ్ళకి అది పది నిమిషాల పని, మాకు ఏడాది పొడవునా పనికొస్తుంది. ఎదురుచూపు కూడా ఎక్కువ, ఉదయం వెళ్తే మధ్యాహ్నం అయింది, అప్పటికి పిల్ల అలిసిపోతే రికార్డింగ్ మీద ప్రభావం పడుతుంది. పిల్లల స్లాట్లు పొద్దున్నే పెట్టాలి. ఖర్చు మామూలు కంటి పరీక్ష కన్నా ఎక్కువ, ఎమ్మారై కన్నా తక్కువ అయింది. నా వరకు ఆ డబ్బుకి తగిన విలువ వచ్చింది.

మెషీన్ల గురించి కూడా కొంచెం. ఆసుపత్రుల్లో, పరిశోధన ల్యాబుల్లో ఎక్కువగా వినిపించే పేర్లు కెనడా కంపెనీ ఎస్ఆర్ రీసెర్చ్ వాళ్ళ ఐలింక్, స్వీడన్ కంపెనీ టోబీ వాళ్ళవి. ఐలింక్ 1000 ప్లస్ సెకనుకి 2000 సార్ల దాకా కొలుస్తుంది, గడ్డం ఆనించి కూర్చోలేని చిన్నపిల్లల కోసం నుదుటి మీద ఒక స్టికర్ అంటించి తల కదిలినా లెక్క కట్టే పద్ధతి కూడా దానిలో ఉంది. వీడియో గేములకి అమ్మే చిన్న ఐ ట్రాకర్లు కూడా ఉన్నాయి, టోబీ ఐ ట్రాకర్ 5 లాంటివి. అలాంటిది కొని ఇంట్లో చూడొచ్చా అని మా తమ్ముడు అడిగాడు. వద్దు. కన్ను గభాల్న వెనక్కి వచ్చే ఆ కదలిక సెకనులో ఇరవయ్యో వంతులో అయిపోతుంది. సెకనుకి 60 సార్లు కొలిచే పరికరానికి అందులో దొరికేది మూడు చుక్కలు, వాటితో గీత ఆకారం ఎలా తెలుస్తుంది? పైగా అవి మామూలు కళ్ళ కోసం గీతని నునుపు చేసి ఇస్తాయి, మనకి కావాల్సింది ఆ ఊగడమే. ఇంట్లో చెయ్యగలిగిన మంచి పని ఒకటుంది, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో. వెలుతురు బాగున్న చోట, దగ్గరగా, ఎడమకి, తిన్నగా, కుడికి చూస్తున్నప్పుడు తియ్యండి, పాప చూపు మీద ధ్యాస లేకుండా ఆడుకుంటున్నప్పుడు కూడా ఒకటి తియ్యండి. మా వీడియో చూశాక డాక్టర్ గారికి చాలా ప్రశ్నలు అడగాల్సిన అవసరమే రాలేదు.

ఎవరికి ఇది ఇప్పుడే వద్దు అన్నది కూడా చెప్పాలి, ఇది ముఖ్యం. ఆరు నెలలు దాటాక కొత్తగా కళ్ళు ఊగడం మొదలైతే, రెండు కళ్ళు సమానంగా ఊగకపోతే, ఒక్క కన్నే ఊగితే, పైకీ కిందికీ ఊగితే, తల కూడా అదేపనిగా ఊపుతుంటే, చూపు తగ్గుతుంటే, వాంతులు తలనొప్పి ఉంటే, ఐ ట్రాకింగ్ అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకండి. వెంటనే పిల్లల కంటి డాక్టరు, నరాల డాక్టరు చూడాలి, ఎమ్మారై అవసరం కావచ్చు. కంటి నరాల దారిలో గడ్డ ఉన్నా ఇలా మొదలవ్వచ్చు. గ్రాఫు తర్వాత చూసుకోవచ్చు. రెండు మూడేళ్ళ లోపు పిల్లలకి చెయ్యగలరు కానీ దొరికేది కొన్ని సెకన్ల రికార్డింగే, మా పాప వయసుకి వస్తే అన్నీ చెయ్యడం కుదురుతుంది.

ఆపరేషన్ ఆలోచిస్తున్నవాళ్ళకి మాత్రం ఇది తప్పనిసరి అంటాను. తల మరీ ఎక్కువ తిప్పి చూసే పిల్లలకి కంటి కండరాలు జరిపి ఆ తక్కువ ఊగే చోటుని తిన్నగా ఎదురుకి తెచ్చే ఆపరేషన్ ఉంది, ఆండర్సన్, కెస్టెన్‌బామ్ 1953లో విడివిడిగా ప్రచురించిన పద్ధతుల మీద నడుస్తోంది. ఎంత జరపాలో తెలియాలంటే ఆ చోటు ఎక్కడుందో సరిగ్గా తెలియాలి. ఇంకో చిక్కు, కొందరు పిల్లల్లో ఆ చోటు ఒకే దగ్గర ఉండదు, కొన్ని నిమిషాలకోసారి కుడి నుంచి ఎడమకి మారుతూ ఉంటుంది. కాసేపే రికార్డ్ చేస్తే అది దొరకదు, దొరక్కుండా ఆపరేషన్ చేస్తే తల ఇంకో వైపు తిప్పడం మొదలవుతుంది. మీ పిల్లకి ఆపరేషన్ అంటే, ఆగకుండా చాలాసేపు రికార్డ్ చేశారా అని తప్పక అడగండి. మా పాప తల తిప్పడం అంత ఎక్కువ కాదు, డాక్టర్ గారు ఆపరేషన్ వద్దన్నారు.

వెళ్ళేవాళ్ళు ఇవి గుర్తుంచుకోండి. పిల్లకి కాటుక పెట్టకుండా తీసుకెళ్ళండి, నల్లగా ఉన్నదాన్నల్లా కెమెరా కనుపాప అనుకునే ప్రమాదం ఉంది, ముందురోజుది మిగిలినా తుడిచెయ్యండి. కనుపాప పెద్దదయ్యే చుక్కల మందు వెయ్యకముందే ఈ పరీక్ష చేయించండి, ఒకేరోజు రెండూ ఉంటే ముందు ఇది. కళ్ళజోడు తీసుకెళ్ళండి, కానీ అద్దాల మీద లైటు మెరిసి కెమెరాకి అడ్డొస్తే కొంతసేపు తీసి చేస్తారు, మెత్తటి గుడ్డతో తుడిచి ఉంచితే ఇబ్బంది తగ్గుతుంది. నిద్ర చాలాలి, కడుపు నిండి ఉండాలి. పిల్లతో ముందురోజు "కదలకుండా చూడాలి" అని మాత్రం అనకండి, సినిమా చూసినట్టు చూడటమే అని చెప్పండి. గదిలోకి మిమ్మల్ని రానిస్తే వెనక కూర్చోండి, పక్కన కూర్చుంటే పిల్ల మీ వైపే తిరుగుతుంది.

మాకు మళ్ళీ రికార్డింగ్ ఇప్పుడే అక్కర్లేదన్నారు. ఇంకొంచెం పెద్దయ్యాక కాంటాక్ట్ లెన్స్ ప్రయత్నిద్దాం, అవి కంటితో పాటే కదులుతాయి కాబట్టి పాప ఎప్పుడూ లెన్స్ మధ్యలోంచే చూస్తుంది, కళ్ళజోడులో ఆ సౌకర్యం లేదు, అప్పుడు ముందూ తర్వాతా రికార్డ్ చేసి పోలుద్దాం అన్నారు. అది చేయించాక ఈ రివ్యూలో కలుపుతాను. ఈలోపు మీ పిల్లలకి ఎవరైనా లెన్స్‌తో ముందూ తర్వాతా గ్రాఫు తీయించి ఉంటే, చదునైన ముక్కల నిడివి పెరిగిందా లేదా రాయండి, నాకు అది తెలుసుకోవాలని చాలా ఉంది.